నాన్నగారి తెర మరణాలు

తెరమీద ఎవరైనా చనిపోతే దానిని వినోదంగా చూసే అలవాటు మా ఇంట్లో ఎన్నడూ లేదు. అలా చనిపోయేవారు తరచుగా మా నాన్నగారే కావడం అందుకు కారణం. ఈ సంగతి నేను బయట చెప్పుకున్నది తక్కువ. ఇంగ్లండులోని స్లౌ పట్టణంలో పిల్లలకు గణితం బోధించి పదవీ విరమణ చేసిన మనిషిని. ఇంటి విషయాలు వీధిలో పరచడం నాకు రుచించదు. అయితే మొన్న ఆదివారం, పక్కింట్లో గది అద్దెకు తీసుకుని ఎమ్మెస్సీ చదువుతున్న శ్రావ్య కరివేపాకు కోసం వచ్చి, తీసుకుని వెళ్ళక, వంటింటి గుమ్మంలోనే నిలబడి తన ఫోను నా కళ్ళముందు పెట్టింది.

“ఆంటీ, మీ హాల్ల ఫోటో ఉన్నది గదా, ఆ సారు ఈయనే గదా? పాత ఇంగ్లిష్ సినిమా చూస్తుంటే దొరికిండు.”

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. తలపాగా, అతికించిన గడ్డం, చేతిలో బరిసె. ఏదో ఎడారి కోటకు కాపలా కాస్తున్న మా నాన్నగారు. గోడచాటు నుంచి తెల్లదొర ఒకడు వచ్చి వెనకనుంచి పొడిచాడు. నాన్నగారు ఒరిగిపోయారు. కథానాయకుడు ఆయనమీదుగా అడుగు వేసి లోపలికి వెళ్ళిపోయాడు.

“ఇట్ల వచ్చిండు, అట్ల పోయిండు! ఒక్క డైలాగన్న ఇయ్యలే పాపం,” అని శ్రావ్య నవ్వింది. అంతలో నా ముఖం చూసి, “సారీ ఆంటీ,” అంది.

“నవ్వడంలో తప్పులేదు. గుమ్మంలో నిలబడి నవ్వకు. వచ్చి కూర్చో,” అన్నాను.

టీ తాగి ఆ అమ్మాయి వెళ్ళిపోయినా, ఆ ఒరిగిపోవడం నా కళ్ళముందు నుంచి కదలలేదు. నాన్నగారు పడే పద్ధతి నాకు కంఠస్థం. ముందు ఎడమ మోకాలు వంగేది, పిమ్మట భుజం నేలకు తగిలేది, అన్నిటికంటే చివర తల. లండన్ నగరం తూర్పున ఈస్ట్ హామ్‌లోని మా ఇంటి ముందుగదిలో, కుర్చీలు గోడకు జరిపి, చాప పరచి, ఆ పడడాన్ని ఆయన సాధన చేసేవారు. కింద బడిపుస్తకాలు పరచుకుని కూర్చున్న నేను, ఆయన పడేటప్పుడు సిరాబుడ్డి పక్కకు తీసి, లేచాక మళ్ళీ యథాస్థానంలో పెట్టేదాన్ని. ఇతర పిల్లల తండ్రులు ఉదయం కోటు తొడుక్కుని వెళ్ళి సాయంత్రం అలసి వచ్చేవారు. మా నాన్నగారు ఉదయం వెళ్ళి, ఎక్కడో చచ్చి, సాయంత్రానికి ఇల్లు చేరేవారు.

ఆయన రాజమండ్రి నుంచి న్యాయశాస్త్రం చదవడానికి ఈ దేశం వచ్చినవారు. కళాశాల రోజుల్లో పద్యం అందుకుంటే ఆఖరి వరుసదాకా వినిపించే గొంతు. ఆ గొంతే ఆయన్ని న్యాయశాస్త్రం నుంచి నాటకాలవాళ్ళ దగ్గరికి, అక్కడినుంచి తెరకు చేర్చింది. తీరా తెరకు చేరాక ఆ గొంతుతో ఎవరికీ పని పడలేదు. ఆనాడు ఇక్కడి సినిమాకు మన రంగు మనిషి కావలసివస్తే ఏ దేశంవాడన్న విచారణ ఉండేది కాదు. నాన్నగారు అరబ్బు వర్తకుడయ్యారు, ఈజిప్టు పూజారి అయ్యారు, మలయా నావికుడు, బస్సు కండక్టరు, నవాబుగారి నౌకరు, ఒకసారి మెక్సికో బందిపోటు కూడా అయ్యారు. తెలుగువాడు మాత్రం ఎన్నడూ కాలేదు. కథ సగానికి వచ్చేలోపు వీరిలో అధికభాగం ఏదో ఒక విధంగా పరలోకగతులయ్యేవారు.

ఇంత అస్తవ్యస్తమైన వృత్తిని ఒక క్రమంలో నిలబెట్టింది ఇంట్లోని ఇద్దరు స్త్రీలు. టెలిఫోను నడవలో ఉండేది. పని ఇప్పించే ఏజెంటు పొద్దుటిపూట పిలుస్తాడు కనుక, మధ్యాహ్నం భోజనం వడ్డించేదాకా దాన్ని మరెవ్వరూ ముట్టకూడదు. ఆ నియమాన్ని అమలు చేయడానికి మా బామ్మ, అంటే నాన్నగారి తల్లి, దాని పక్కనే ముక్కాలిపీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చునేది. కుట్టుపని దుకాణంలో ఉద్యోగం చేసే అమ్మ, వచ్చీ రాగానే పొయ్యిమీద పులుసు పెట్టి, ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో కాగితాలు పట్టుకుని, నాన్నగారికి ఎదుటిపాత్ర సంభాషణలు చదివి వినిపించేది. ఆంగ్ల సేనాధిపతుల హూంకారాలన్నీ నేను మొదట విన్నది గోదావరి యాసలో, ఇంగువ పోపు వాసనతో కలిపి. ఆ వాసనకు కిరోసిన్ హీటరు వాసన, గడ్డాలు అతికించే జిగురు ఘాటు తోడయ్యేవి. ఆ జిగురును బామ్మ సున్నిపిండి పెట్టి రుద్ది వదిలించేది. నాన్నగారి చెంపలు ఎప్పుడూ కొంచెం ఎర్రగా ఉండేవి.

చనిపోయే దృశ్యం చిత్రీకరించిన సాయంత్రం మాత్రం ఆయనకు తిన్నగా ఇంట్లోకి ప్రవేశం లేదు. మన దేశంలో సినిమావాళ్ళు పాడెమీద పడుకున్న నటుడికి దిష్టి తీసి గుమ్మడికాయ కొడతారు కదా, ఆ ఆచారాన్ని బామ్మ ఈస్ట్ హామ్‌కు తెచ్చింది. ఇప్పుడైతే ఆ వీధి మలుపులోని కొట్టుముందు బూడిద గుమ్మడికాయలు గుట్టలుగా పడి ఉంటాయి. ఆనాడు మచ్చుకైనా దొరికేవి కావు. చివరకు తెల్లవాళ్ళు వండుకునే మారో అనే కాయ, సొరకాయకు దగ్గరి చుట్టంలా ఉండేది, దానితో సరిపెట్టింది. అమ్మ వెళ్ళి ఆ కాయ అడగగానే కూరగాయల ముసలాయన, “మళ్ళీ చచ్చాడా తల్లీ మీ ఆయన?” అని ఆంగ్లంలో అడిగి, ఉన్నవాటిలో పెద్దది ఏరి ఇచ్చేవాడు.

“అత్తయ్యగారూ, పేవ్‌మెంటుమీద కొట్టకండి. కౌన్సిల్ వాళ్ళు ఊరుకోరు,” అనేది అమ్మ.

“ఏం, కౌన్సిల్ వాళ్ళ కొడుకేవైనా చచ్చాడా? చచ్చింది నా కొడుకు,” అనేది బామ్మ, కాయ పైకెత్తి.

నాన్నగారు మెట్టుకింద చేతులు కట్టుకుని, చలిలో వణుకుతూ, అపరాధిలా నిలబడేవారు. సినిమా విడుదలయ్యాకగాని, టెలివిజన్‌లో వచ్చినప్పుడుగాని రెండో నియమం ఉండేది. తెరమీద ఆయన చనిపోతున్నంతసేపూ హాల్లోనైనా, ఇంట్లో సోఫాలోనైనా బామ్మ పక్కన కూర్చోవాలి. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని ఉంటుంది. తెరమీద ప్రాణం పోయిన క్షణాన, “ఏరా?” అనేది. “ఉన్నానే అమ్మా,” అనేవారు ఆయన. అప్పుడు చెయ్యి వదిలేది.

ఇది ఛాందసమని బళ్ళో చదివే నేను భావించేదాన్ని. ఒకనాడు అమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తూ అసలు సంగతి చెప్పింది. నాన్నగారికి ఒక అన్నగారు ఉండేవారట. మద్రాసు హాస్టలులో చదువుకుంటూ విషజ్వరంతో పోయారు. దహనం కూడా అక్కడే జరిగిపోయాక, బంధువు ఒకాయన రాజమండ్రి వచ్చి, పెరట్లో వడియాలు పెడుతున్న బామ్మ ఎదుట నిలబడి ఒక్క మాట చెప్పాడు. “ఆ మాట చెవినబడే దాకా మీ బామ్మకి ఆయన బతికే ఉన్నాడు. అప్పట్నుంచీ ఆవిడకి చావు కంటే, ఆ మాట మోసుకొచ్చే మనిషంటే భయం,” అంది అమ్మ. ఆ తరువాత సోఫాలో ఆ మణికట్టువైపు నేను వేరే దృష్టితో చూశాను.

నేను సెకండరీ పాఠశాలలో చేరిన తొలిరోజుల్లో నాన్నగారి దశ తిరిగింది. వారం వారం సాయంత్రం వేళ వచ్చే ఆసుపత్రి ధారావాహికలో ఆయనకు వైద్యుడి వేషం దొరికింది. పాత్ర పేరు డాక్టర్ సేన్. మళ్ళీ తెలుగువాడు కాదు, అయినా బతికి ఉండే మనిషి. పేరున్న మనిషి. తలుపు తీసుకుని లోపలికి వచ్చి, మాట్లాడి, అదే తలుపు తీసుకుని తన కాళ్ళమీద బయటికి వెళ్ళే మనిషి. మొదటి భాగం ప్రసారమైన రోజు బామ్మ కొడుకు మణికట్టు పట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళివారిలా నిటారుగా కూర్చుంది. ఆమెకు ఆంగ్లం రాదు కనుక ప్రతి వాక్యమూ అక్కడికక్కడ తెలుగులో చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. ఆ బాధ్యతను నేను నిష్ఠగా నిర్వర్తించాను. సారాంశంతో సరిపెట్టేదాన్ని కాదు. మాటకు మాట అప్పజెప్పేదాన్ని.

త్వరలోనే ఊళ్ళోని మనవాళ్ళు ఆయన్ని నిజంగానే వైద్యుడిగా చూడసాగారు. సర్జరీకి, అంటే ఇక్కడి డాక్టరుగారి క్లినిక్కుకు వెళితే దొర డాక్టరుకు తమ బాధ ఆంగ్లంలో చెప్పుకోలేక, ఆదివారం మా ఇంటికి వచ్చేవారు. “అంకుల్‌గారూ, నటనేనని తెలుసండీ. అయినా మీ చెయ్యి ఒకసారి నాడి మీద పెట్టండి,” అనేవారు. నాన్నగారు గంభీరంగా నాడి చూసి, “మీ జీపీ డాక్టరు ఇచ్చిన మందు మానకండి,” అని పంపేవారు. బామ్మ మరింత ముందుకు పోయింది. మోకాలి నొప్పికి ఏదో ఒకటి రాసిమ్మని పోరేది. “అమ్మా, నేను వేషగాణ్ణే,” అంటే, “ఇన్నాళ్ళు వేసినవాడికి ఆమాత్రం పట్టుబడకుండా ఉంటుందా?” అనేది.

కొన్ని సంవత్సరాలు అలా సక్రమంగా గడిచాయి. నా బాల్యంలో వేళలు తప్పని కాలం అదొక్కటే. ఒకరోజు నాన్నగారు చిత్రీకరణ నుంచి తొందరగా వచ్చి, బామ్మ వినకుండా వంటింటి తలుపు దగ్గరగా వేసి, నా ఎదుటే అమ్మతో చెప్పారు. డాక్టర్ సేన్‌ను కారు ప్రమాదంలో చంపబోతున్నారు. చివరి భాగమంతా ఆయనదే; రాకరాక వచ్చిన పెద్ద దృశ్యం; ఆ గొంతుకు తొలిసారిగా నిండుగా మాటలు.

“చెయ్యండి మరి. ఇన్నిసార్లు చచ్చారు, ఇదొక్కటీ బరువైందా?” అంది అమ్మ.

“అప్పుడు చచ్చిందంతా ఎవడో దారినపోయేవాడే. ఈయన్ని అమ్మ పెంచుకుందే.”

“కాదంటే మళ్ళీ పిలుస్తారా మిమ్మల్ని? పేచీకోరని పేరు పడితే ఏజెంటు ఫోను ఎత్తుతాడా?”

“ఎత్తడు,” అన్నారు నాన్నగారు. బల్లమీద పిండి గీతలు వేలితో చెరిపేశారు. బామ్మకు అప్పటికి గుండె బలహీనమని వైద్యులు చెప్పి ఉన్నారు. వారమంతా ఆమెను నిలబెడుతున్నది ఆ ఒక్క సాయంత్రమే అని ఇంట్లో అందరికీ తెలుసు.

మర్నాడు ఆయన వెళ్ళి, ఆ దృశ్యం చేయనని నిర్మాతలకు చెప్పి వచ్చారు. వేరే ఊరికి పంపించండి, విదేశం పంపించండి, చంపవద్దు అని కోరారట. వాళ్ళు విన్నారు, మేము చూసుకుంటాం అన్నారు, కోటు అందించి సాగనంపారు. ఎక్కడికో పంపిస్తారని మేమందరం నమ్మాం.

ఆ భాగం వచ్చిన సాయంత్రం నాన్నగారు యథాప్రకారం సోఫాలో కూర్చున్నారు. నేను బామ్మ కాళ్ళదగ్గర నా స్థానంలో ఉన్నాను. డాక్టర్ సేన్ ఎంతకీ రాలేదు. సగం గడిచాక ఆసుపత్రి నడవలో ఒక నర్సు మరొక నర్సును ఆపి, డాక్టర్ సేన్ ఇక రారనీ, ఆ ఉదయం దారిలో ప్రమాదం జరిగి పోయారనీ చెప్పింది. చెప్పి, గోడకు తలానించి ఏడ్చింది. ఆయన చేయనన్న పనిని ఒక్క వాక్యంతో పూర్తిచేశారు.

“ఎందుకే ఆ పిల్ల అలా ఏడుస్తోంది? మనవాడి పేరు చెప్పింది కదూ? ఏవంటోంది?” అంది బామ్మ.

నేను తలెత్తి చూశాను. నాన్నగారి ముఖంలో రక్తం లేదు. అమ్మ గరిటెతో తలుపు దగ్గర నిలబడిపోయింది. మద్రాసు నుంచి వచ్చిన ఆ బంధువు ఎలా ఉండేవాడో నాకు తెలియదు. కాని ఆ క్షణంలో ఆయన నిలబడిన చోటే నేనూ కూర్చుని ఉన్నానని మాత్రం తెలిసింది.

“బదిలీ అయింది బామ్మా,” అన్నాను.

“బదిలీయా? ఏ ఊరు?”

“బ్రాక్‌నెల్.” ఆ వారమే భూగోళం పాఠంలో, యుద్ధం తరువాత కొత్తగా కట్టిన పట్టణాల పేర్లు చదివాం.

“బదిలీకే అంత ఏడుపా?”

నాన్నగారు అప్పటికి తేరుకున్నారు. “పై అధికారి మంచివాడైతే ఏడవరటే అమ్మా?” అన్నారు, ఆఖరి వరుసదాకా వినిపించే ఆ గొంతుతో.

“అదీ నిజమే. మీ నాన్నని కాకినాడ వేసినప్పుడు బంట్రోతు కూడా ఏడ్చాడు. క్వార్టర్సు ఇస్తారటా?”

“ఇస్తారే.”

“వంటమనిషి?”

“చూడాలి.”

“ముందు అది కనుక్కో,” అని బామ్మ కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నేను జీవితకాలం లెక్కలు దిద్దినదాన్ని. తప్పుకు రైటు గుర్తు వేసిన పాపాన ఎన్నడూ పోలేదు. ఆ అనువాదానికి మాత్రం నేటికీ పూర్తి మార్కులే వేస్తాను.

మర్నాడు ఒక ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ పరామర్శకు వచ్చింది. వేషం పోయినందుకో, వైద్యుడు పోయినందుకో ఆమెకే స్పష్టత లేదు. వెనక నడవలో నాన్నగారు తువ్వాలు భుజాన వేసుకుని తిరుగుతుండగానే, “ఎంత మంచివారండీ!” అంటోంది. అమ్మ గుమ్మంలోనే ఆపి, బదిలీ సంగతి రెండు ముక్కల్లో చెవిలో చెప్పి, ఊరందరికీ అదే చెప్పమని పంపేసింది. మనవాళ్ళు ఆ మాట నిలబెట్టారు.

ఏజెంటు విషయంలో అమ్మ చెప్పినదే నిజమైంది. పిలుపులు సన్నగిల్లాయి. నాన్నగారు ప్రకటనలకు గొంతు ఇచ్చారు, కొత్త నటులకు ఉచ్చారణ నేర్పారు, ఎప్పుడో ఒకసారి కోర్టు దృశ్యంలో వెనకవరుసలో కూర్చున్నారు. అయితే ఇంట్లో ఆయన పని పెరిగింది. రాత్రి భోజనాల వేళ బామ్మ, “బ్రాక్‌నెల్‌లో ఏవైందిరా?” అని అడిగేది. ఆయన చెప్పాలి. గుండీ మింగిన పిల్లవాడు, మాత్రలు కుండీలో పాతిపెట్టే ముసలమ్మ, డ్యూటీల రోటా విషయంలో రోజూ తగవుపెట్టుకునే హెడ్ నర్సు. ఒక్కొక్కరి గొంతు, ఒక్కొక్కరి నడక చేసి చూపేవారు. కథలో పొరపాట్లు దొర్లితే నేను సహించేదాన్ని కాదు. “నాన్నగారూ, ఆవిడ పోయినవారం పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది,” అని గుర్తుచేసేదాన్ని. “సెలవు రద్దుచేసి పిలిపించారమ్మా,” అనేవారు తడుముకోకుండా. అమ్మ మాత్రం ఆ కథల జోలికి రాకుండా వడ్డించేది. ఆ వంటింటి సంభాషణ తరువాత ఇంట్లో డాక్టర్ సేన్ పేరు ఆమె నోట రాలేదు.

ఇప్పుడు మన రంగువాళ్ళు తెరమీద న్యాయమూర్తులు, డిటెక్టివులు, ప్రేమికులు. కథ చివరదాకా బతుకుతున్నారు, తమ పేర్లతోనే బతుకుతున్నారు. ఇది న్యాయమైన మార్పు. ఆలస్యంగా వచ్చిన న్యాయం. ఆ ఆదివారం టీ తాగుతూ శ్రావ్య, “అన్నిసార్లు సంపుతుంటె ఎట్ల ఒప్పుకున్నడు ఆంటీ?” అని అడిగింది. అడగదగిన ప్రశ్నే. తలుపు సందులోంచి మనిషి దూరాలంటే ముందు ఒరిగి దూరాలి అని చెప్పాను. కాని ఆమె ఫోనులో ఒక మనిషి మరణాన్ని బొటనవేలితో ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూడటం నాకు నచ్చలేదు. మా కాలంలో చావును ఆపే మీట లేదు. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో, ఒకే వేళకు కూర్చుని దాన్ని ఎదుర్కోవలసిందే. ఆ కట్టుబాటు మంచిదో కాదో నేను తేల్చలేను. దానివల్ల మేము ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళం అని మాత్రం చెప్పగలను.

బామ్మ ఒక శీతకాలం ఉదయం నిద్రలోనే వెళ్ళిపోయింది. ఎవరూ వచ్చి ఆమెకు ఏ మాటా చెప్పవలసిన అవసరం కలగలేదు. కర్మకాండ ముగిసి, వచ్చినవారంతా వెళ్ళాక, మేం ముగ్గురమే భోజనానికి కూర్చున్న తొలిరోజు అది. నాన్నగారు తల వంచుకుని కలిపిన అన్నమే మళ్ళీ కలుపుతున్నారు. అమ్మ చారు గిన్నె దించి, ఎన్నడూ లేనిది, కుర్చీ లాక్కుని ఆయన ఎదుట కూర్చుంది.

“ఏవండీ,” అంది, “బ్రాక్‌నెల్‌లో ఏవైంది?”

నాన్నగారు తలెత్తి చూశారు.

“రిటైరయ్యాడే,” అన్నారు. “దండలవీ వేశారు. హెడ్ నర్సు కూడా ఏడ్చింది.”

“తరవాత?”

“తరవాతేముంది? ఇంటికొచ్చేశాడు.”

“మంచిపని చేశాడు,” అని అమ్మ ఆయన కంచంలో చారు పోసింది.